నొక్కమన్నదెవరు?

“పదిహేను నిమిషాలు,” అన్నాడు ఇన్స్పెక్టరు, తలుపుకి అడ్డంగా నిలబడి. “పదహారో నిమిషం అడిగితే నేను మీ తమ్ముణ్ణి కాను, ఇన్స్పెక్టర్ని.”

“నువ్వు నా తమ్ముడివని నేనెప్పుడన్నాను?” అంటూ జల్లెడ అతని చెయ్యి కింద నుంచి దూరి లోపలికి వెళ్ళిపోయింది.

జల్లెడ ఆమె అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరో పెట్టారు. ఆమె చేతిలో పడిన కేసులో గింజ గింజే, పొట్టు పొట్టే అయి తీరాలని. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా ఆ పేరు ఆమెని వదల్లేదు. ఈ ఇన్స్పెక్టరు ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. రిపోర్టు రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు కుర్చీ అతనిది, టోపీ అతనిది. “అక్కా” అని పిలవడం మొదలుపెట్టింది కూడా కుర్చీ వచ్చాకే. ఆ పిలుపులో గౌరవమెంతో వెటకారమెంతో అతనికే సరిగ్గా తెలియదు.

లోపల బల్ల వెనక ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. సాయంత్రానికల్లా ఆమె మీద హత్యానేరం మోపబోతున్నారు. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆమె ఆపరేటరు. అక్కడ ఆడవాళ్ళని పేరు పెట్టి పిలవరు, నడిపే మెషిన్ నంబరుతో పిలుస్తారు. ఈమె మూడో నంబరు. నిన్న పొద్దున రెండో మెషిన్ బాగుచేస్తూ మెకానిక్ తల, భుజాలు డ్రమ్ములో పెట్టి ఉండగా ఈమె బటన్ నొక్కింది. డ్రమ్ము తిరిగింది. మెకానిక్ బతకలేదు. నొక్కానని ఈమే ఒప్పుకుంది.

“బటన్ దగ్గర్నుంచి చెప్పమ్మా,” అంది జల్లెడ. “అంతకు ముందుది తర్వాత అడుగుతా.”

“ఆయన నొక్కమన్నాడు. నేను నొక్కాను.”

“అప్పుడు ఆయన తల ఎక్కడుంది?”

“లోపల.”

“తల లోపల పెట్టుకుని ఎవడైనా నొక్కమంటాడా?”

“అన్నాడండీ! నేను అడిగాను కూడా. ‘నొక్కనా?’ అని రెండుసార్లు అడిగాను. నేనెప్పుడూ రెండుసార్లు అడిగి కానీ నొక్కను. అది ఆయన నేర్పిందే. మొదటిసారి అడిగితే ఆ హోరులో మనిషి ఊరికే ఊకొడతాడు, రెండోసారి అడిగితేనే బుర్రపెట్టి వింటాడు అనేవాడు.” ఆమె కళ్ళు తుడుచుకుంది. “ఆయన బుర్రపెట్టి విన్నాడు కదండీ. మరెందుకు తిరిగింది అది?”

ఆ గదిలో గాలి లేదు. పైన ఫ్యాను ఉంది గానీ తిరగదు. జల్లెడ వీపు తడిసిపోయింది. ఎదురుగా ఉన్నామె మాత్రం మణికట్టు దాకా చేతుల చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని ఉంది.

“ఉడికిపోతున్నావ్. చేతులు పైకి మడుచుకో.”

“వద్దండీ. అలవాటే. ఆవిరి తగులుతుందని...” అంటూ ఆమె చొక్కా అంచుల్ని ఇంకా కిందికి లాక్కుంది.

ఈ గదిలో ఆవిరెక్కడిది? జల్లెడ నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసింది. భయపడిన మనిషిని ఒకేసారి రెండు వైపుల నుంచి తరమకూడదు.

“మొన్న సాయంత్రం ఆయనకీ నీకూ గొడవైందట. ఇన్స్పెక్టరు దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు.”

“గొడవేం కాదు. రోజూ పని అయ్యాక నా మెషిన్ డ్రమ్ములో దూరి నూగు తుడుస్తాను. మెయిన్ స్విచ్చి ఆపకుండా దూరుతున్నానని అందరి ముందూ కేకలేశాడు. తలుపు తెరిచి ఉంటే మెషిన్ తిరగదు కదా అన్నాను. ‘తలుపు దగ్గరుండే ఆ చిటికెడు స్విచ్చి మీద పెట్టావా నీ ప్రాణం?’ అన్నాడు. మా ఆయనదీ అక్కడే పని, సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికెళతాం. ఆయన ముందు కూడా తిట్టేసరికి తల కొట్టేసినట్టయింది.”

తలుపు మీద చప్పుడైంది. అవతల ఇన్స్పెక్టరు దగ్గాడు. జల్లెడ లేస్తుంటే మూడో నంబరు ఆమె చెయ్యి పట్టుకుంది.

“నా సంచీ అక్కడే ఉండిపోయింది మేడమ్, బట్టలు మార్చుకునే గదిలో. దాన్ని తెప్పించి మా ఆడపడుచుకి ఇప్పించండి. మా ఆయనకి కాదు. ఆడపడుచుకే.”

“ఏముంది అందులో?”

“నా బట్టలు.” ఆమె తల దించేసుకుంది. “అన్నీ.”

బయట వరండాలో ఆడపడుచు కాచుకుని ఉంది. దర్జీ పని చేసుకునే మనిషి, మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతోంది. వదినని విడిపించమని జల్లెడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి కాళ్ళావేళ్ళా పడింది ఈమే. పక్కనే బెంచీ మీద మూడో నంబరు మొగుడు, అంటే ఈమె అన్నయ్య, మూత తీయని క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచీ అక్కణ్ణుంచి కదల్లేదట.

“వదిలేస్తారా అమ్మా?” అన్నాడు లేచి. “అది లేకపోతే నా ఇల్లు ఇల్లు కాదు.”

“చూద్దాం,” అంది జల్లెడ. అతను మళ్ళీ కూర్చున్నాడు.

లాండ్రీ అక్కడికి రెండు వీధుల అవతలే. తనని నమ్మక ఇన్స్పెక్టరు కూడా వెంట బయల్దేరితే జల్లెడ కాదనలేదు. వదిన సంచీ తెచ్చుకుంటానని ఆడపడుచు కూడా నడిచింది. మేనేజరు ముందు తలుపు తీశాడు. ఒక్క రోజులో పదేళ్ళు పైబడినట్టున్నాడు పాపం.

“నిన్నటి నుంచీ అన్నీ ఆపేశాం,” అన్నాడు. “బాయిలరు కూడా చల్లారిపోయింది. ఈ హాలు ఇంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.”

మూడు మెషిన్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క డ్రమ్ములో మనిషి ముడుచుకుని కూర్చోవచ్చు. రెండోదాని ముందు నేల కడిగారు, ఆ కడిగిన చోటు మాత్రం మిగతా నేల కన్నా తెల్లగా ఉంది. ఆడపడుచు అటు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడింది.

“స్విచ్చి ఏది?” అంది జల్లెడ.

మేనేజరు తలుపు చట్రం మీద అగ్గిపెట్టెంత డబ్బా చూపించాడు. తలుపు మూస్తే అది నొక్కుకుంటుంది, అప్పుడే కరెంటు డ్రమ్ముకి వెళుతుంది. తలుపు తెరిస్తే అది వదులవుతుంది, కరెంటు తెగిపోతుంది. అంతే దాని పని. జల్లెడ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని పట్టిన స్క్రూలని చూసింది. వాటి తలల మీద పసుపు రంగు చుక్కలున్నాయి. రెండూ పగిలి ఉన్నాయి.

“ఇవేమిటి?”

“మా మెకానిక్ అలవాటండీ. ఏ స్క్రూ బిగించినా తల మీద రంగు చుక్క పెడతాడు. ఎవరైనా విప్పితే చుక్క పగిలి తెలిసిపోతుంది. ఒకటో మెషిన్‌కి ఎరుపు, రెండుకి నీలం, మూడుకి...” మేనేజరు ఆగిపోయాడు. “మూడుకి పసుపు.”

“ఇది రెండు కదా?”

“రెండే.”

జల్లెడ మూడో మెషిన్ దగ్గరికి వెళ్ళింది. దాని తలుపు స్విచ్చి మీద నీలం చుక్కలున్నాయి. అవీ పగిలే ఉన్నాయి.

“రంగు అయిపోయి ఏది దొరికితే అది పూసి ఉంటాడు,” అన్నాడు ఇన్స్పెక్టరు. “అక్కా, మనం హత్య చూడ్డానికొచ్చామా, ముగ్గు చూడ్డానికొచ్చామా?”

“నువ్వు నిన్న వచ్చి ఏం చూశావో చెప్పు ముందు. ఈ మెషిన్‌ని ఒక్కసారైనా నడిపించావా?”

“మనిషి చచ్చిన మెషిన్‌ని నడిపించడమెందుకు? నొక్కిన మనిషి నొక్కానంటోంది!”

“అందుకే నీ రిపోర్టులు పొట్టిగా ఉంటాయి,” అంది జల్లెడ. మేనేజరు వైపు తిరిగి మూడో మెషిన్ తలుపు మూసి నొక్కమంది. అతను మెయిన్ వేసి నొక్కాడు. డ్రమ్ము కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు.

“మొన్న సాయంత్రం దాకా శుభ్రంగా తిరిగిందండీ ఇది!”

“ఇప్పుడు రెండోది. తలుపు తెరిచే ఉంచండి. అందరూ వెనక్కి జరగండి.”

మేనేజరు పక్కకి జరిగి చెయ్యి చాచాడు. నొక్కాడు. తలుపు బార్లా తెరిచి ఉండగానే డ్రమ్ము గిర్రున తిరిగింది. ఆడపడుచు చెవులు మూసుకుంది. అది తిరిగి తిరిగి ఆగింది.

ముందు తేరుకున్నది ఇన్స్పెక్టరే. అతని మొహం వెలిగిపోయింది.

“చాలా థ్యాంక్స్ అక్కా! కోపం మీద నొక్కేసిందని మాత్రమే అనుకున్నాను. స్విచ్చి చెడగొట్టి మరీ నొక్కిందన్నమాట. ఇందాకటి దాకా కేసుకి కాళ్ళే ఉన్నాయి, ఇప్పుడు చేతులు కూడా వచ్చాయి.”

“మేడమ్!” అని అరిచింది ఆడపడుచు. “మా వదినని కాపాడతారని మిమ్మల్ని తీసుకొచ్చాను. మీరే ఉరి బిగిస్తున్నారేమిటి?”

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది జల్లెడకి. కానీ ఆమె మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

“చనిపోయిన మనిషి ఫోనులో చివరి కాల్ ఎవరికి?” అని అడిగింది.

“మెషిన్లు తయారుచేసిన కంపెనీకి,” అన్నాడు ఇన్స్పెక్టరు. “మరమ్మతుకి సాయం చేసే లైను. చూశాం. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?”

“ఫోనక్క!” అన్నాడు మేనేజరు. “మెకానిక్కులంతా ఆమెని అలాగే అంటారండీ. ఎక్కడో వేరే ఊళ్ళో కూర్చుని ఇక్కడి మెషిన్‌కి జబ్బేమిటో కనిపెడుతుంది. తను చెప్పదు, అడుగుతుంది. అడిగి అడిగి మెకానిక్ నోటితోనే చెప్పిస్తుంది. చెయ్యి తిరిగిన మెకానిక్ కూడా ఒక్కోసారి కళ్ళెదురుగా ఉన్నది చూడలేడు కదా. ఆమె వచ్చాక మాకు మెషిన్ ఆగిపోవడమే సగానికి సగం తగ్గింది.”

జల్లెడ మేనేజరు ఫోను తీసుకుని ఆ నంబరు కలిపింది. అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచింది. ఎత్తింది ఆడగొంతు. లాండ్రీ మాట వినగానే ఆ గొంతు గడ్డకట్టింది.

“దాని గురించి మాట్లాడొద్దన్నారండీ మా ఆఫీసులో.”

“మాట్లాడకండి. సాయంత్రం ఒక మనిషిని జైలుకి పంపుతున్నారు. ఆ సంగతి చెబుదామని చేశాను, అంతే.”

“ఎవర్ని?”

“బటన్ నొక్కినామెని. చంపాలనే నొక్కిందంటున్నారు.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“ఆమెది తప్పు కాదు,” అంది ఫోనక్క. “నాది. నిన్నటి నుంచీ నేను అన్నం ముట్టలేదు. నేనడిగిన ప్రశ్నే అతన్ని చంపింది.”

“మొదటి నుంచి చెప్పండి.”

“రెండో మెషిన్ మొదలవడం లేదని ఫోను చేశాడు. చివరగా ఏం మారిందని అడిగాను. ఏమీ మారలేదన్నాడు. ఇంకేం చేశాం, ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాం. తలుపు స్విచ్చి మీద అనుమానం వచ్చింది. అలాంటప్పుడు మా పద్ధతి ఒకటే. అనుమానమున్న ముక్క తీసి, పక్కన బాగా నడుస్తున్న మెషిన్‌లోంచి అలాంటి ముక్కే తెచ్చి ఇందులో పెట్టాలి. దీన్ని దాంట్లో పెట్టాలి. జబ్బు ముక్కతో పాటు నడిచి అటు వెళ్ళిందంటే దోషం ముక్కదే. మూడోదాని స్విచ్చి పెట్టగానే రెండోది తిరిగింది. రెండోదాని స్విచ్చి పెడితే మూడోది ఆగిపోయింది. ‘దొరికిందక్కా దొంగ’ అని నవ్వాడు.”

మేనేజరు పసుపు చుక్కల వైపు చూశాడు. ఇన్స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఆఖర్న నేను అందరినీ అడిగే మాట ఒకటుంది. తలుపు తెరిచి నొక్కితే తిరగకుండా ఉందా, చూశావా అని. స్విచ్చి మార్చాక ఆ పరీక్ష చెయ్యకుండా ఫోను పెట్టనివ్వను. ‘చూస్తున్నా అక్కా, లోపల దుప్పటి చుట్టుకుంది, అది కూడా లాగేస్తా’ అన్నాడు. ఒకేసారి రెండు పనులు పెట్టుకోకురా అని వందసార్లు చెప్పాను వాడికి! తలుపు తెరిచి ఉంటే తిరగదు కదా అనే ధీమా. అప్పుడే చూసిన మంచి స్విచ్చి కదా అది. ఆ అమ్మాయి ‘నొక్కనా?’ అంది. ‘ఆఁ’ అన్నాడు. మళ్ళీ ‘నొక్కనా?’ అంది. ‘నొక్కమ్మా, ఏం కాదు’ అన్నాడు.” ఫోనక్క ఏడుస్తోంది. “తర్వాతది కూడా విన్నాను. అదేమిటో అడక్కండి.”

ఎవరూ అడగలేదు. ఇన్స్పెక్టరు మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. జేబులోంచి ఫోను తీసి స్టేషనుకి చేశాడు.

“ఆమెని వదిలెయ్యండి. ఆఁ, ఇప్పుడే. బయట మొగుడున్నాడుగా, అతనితో ఇంటికి పంపించెయ్యండి.” ఫోను పెట్టి జల్లెడతో అన్నాడు, “గెలిచారు. చాలా?”

ఆడపడుచు జల్లెడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. సంచీ తెస్తానంటూ బట్టల గదిలోకి పరిగెత్తింది. మేనేజరు తలుపు దగ్గరున్న స్టూలు మీద కూలబడి హమ్మయ్య అన్నాడు. అంతా అయిపోయిందనే అనుకున్నారు, జల్లెడ తప్ప. ఆమె చేతులు కట్టుకుని ఆ పసుపు చుక్కలనే చూస్తూ చాలాసేపు నిలబడింది.

“ఇంకేమిటక్కా?” అన్నాడు ఇన్స్పెక్టరు విసుగ్గా.

ఆమె ఫోను వైపు వంగింది. “ఫోనక్కా, ఉన్నారా?”

“ఉన్నాను.”

“మెకానిక్కులకి చెప్పినట్టే నాకూ చెప్పండి. నాకింకా జబ్బు దొరకలేదు. మంచి స్విచ్చి అయితే తలుపు తెరిచినా ఎందుకు తిరిగింది?”

ఫోనక్క ముక్కు చీదుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆమెది పనిలో ఉన్న మనిషి గొంతు. “ఆ ముక్క ఎక్కడిది?”

“మూడోదానిది.”

“అయితే అది మూడోదాంట్లో ఉన్నప్పుడు కూడా అలాగే ఉండాలి. జబ్బు ముక్క వెంటే నడుస్తుందమ్మా. తలుపు మూసి నడిపినంతసేపూ ఎవరికీ తెలియదు. విప్పి చూడండి, లోపల ఏముందో.”

మేనేజరు మెయిన్ ఆపి స్క్రూడ్రైవరు తెచ్చాడు. మూత ఊడింది. లోపల రెండు రేకుల మధ్య ఒక తీగ ముక్క పెట్టి టంకం వేసి ఉంది. తలుపు మూసినా తెరిచినా కరెంటు ఆ తీగ మీదుగా పోతూనే ఉంటుంది. టంకం కొత్తది, తళతళలాడుతోంది. తీగ మీద తొడుగు మామూలు ప్లాస్టిక్కు కాదు. బూటు లేసులా నేసిన తెల్లటి తొడుగు.

“ఇది చెడిపోయింది కాదు,” అంది జల్లెడ. “చెడగొట్టింది. కానీ రెండో మెషిన్ కోసం కాదు. మెకానిక్ కోసమూ కాదు. అతను స్విచ్చి మారుస్తాడని ఎవరికి తెలుసు? అతనికే తెలియదు. ఉచ్చు వేసింది మూడో మెషిన్‌కి. రోజూ పని అయ్యాక, మెయిన్ ఆపకుండా, దాంట్లో దూరేదెవరు?”

ఆడపడుచు అప్పుడే సంచీతో వచ్చింది. ఆ మాట విని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

“మా వదిన,” అంది.

ఇన్స్పెక్టరు మూడో మెషిన్ వైపు తిరిగాడు. తను హంతకురాలనుకున్న మనిషి నిన్న సాయంత్రం చావాల్సిన మనిషి.

“ఈ తెల్ల తొడుగు తీగ ఎక్కడ వాడతారు?” అని మేనేజర్ని అడిగింది జల్లెడ.

“వేడికి మాడనిదండీ ఇది. మామూలు తీగ కరిగిపోయే చోట వాడతారు. మా దగ్గరైతే బాయిలరు గదిలోనే ఉంటుంది. ఆ గది తాళాలు, వెనక గేటు తాళాలు అన్నీ బాయిలరు మనిషి దగ్గరే. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి మంట వేసేది అతనే కదా.”

“ఎవరతను?”

మేనేజరు ఆడపడుచు వైపు చూశాడు. ఆమె చేతిలోంచి సంచీ జారి నేల మీద పడింది. మూతి విప్పుకుని మడతపెట్టిన బట్టలు బయటికొచ్చాయి. పనికి తెచ్చుకునే ఒక జత కాదు. ఇల్లు విడిచి వెళ్ళే మనిషి సర్దుకునేన్ని.

“మా అన్నయ్య,” అంది.

మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న ఆ చేతులు ఇప్పుడు అర్థమయ్యాయి జల్లెడకి. ‘మా ఆయనకి కాదు, ఆడపడుచుకే’ అన్న మాట అర్థమైంది. స్విచ్చి మీద ప్రాణం పెట్టావా అని మెకానిక్ అందరి ముందూ అరిచినప్పుడు ఆ మాట శ్రద్ధగా విన్నదెవరో కూడా అర్థమైంది. ఇన్ని కళ్ళ ముందు పెట్టుకుని తనేం చేసింది? దొంగ చేతికే తాళాలిప్పించింది.

“ఆమె వెళ్ళిపోతుందని నీకు తెలుసా?” అంది.

“తెలుసు. మా ఇంటికి రమ్మని నేనే అన్నాను.” ఆడపడుచు పెదవులు తెల్లబడ్డాయి. “చెయ్యి చేసుకుంటాడని తెలుసు మేడమ్. చంపుతాడని... మా అన్నయ్యండీ! నన్నెత్తుకుని పెంచినవాడండీ!”

ఇన్స్పెక్టరు అప్పటికే స్టేషనుతో మాట్లాడుతున్నాడు. “ఎప్పుడు? పావుగంటైందా? ఎటు వెళ్ళారు? ఏమిటి, సంచీ తెచ్చుకోవాలన్నారా?” అతను ఫోను దించాడు. అంటే ఇంటికి కాదు. ఇక్కడికే.

“అన్నయ్యకి ఫోను చెయ్యి,” అంది జల్లెడ. “మామూలుగా మాట్లాడు. ఏడవకు.”

ఆడపడుచు చెంగుతో మొహం తుడుచుకుంది. వేలు రెండుసార్లు తప్పింది. మూడోసారికి అతను ఎత్తాడు.

“అన్నయ్యా, వదినని వదిలేశారటగా? ఎక్కడున్నారు?”

“ఇంటికొచ్చేశాంరా,” అంది అటు గొంతు, నెమ్మదిగా. “పడుకుంది. నువ్వు కంగారుపడి రాకు, రేపు రా.”

ఆ మాటల వెనక ధబ్ ధబ్‌మని ఏదో చప్పుడు వస్తోంది. జల్లెడ తల పైకెత్తింది. అదే చప్పుడు ఈ హాలు వెనక గోడలోంచి కూడా వస్తోంది.

మేనేజరు గుసగుసగా అన్నాడు. “నీళ్ళ పంపు. బాయిలరు వెలిగించే ముందు వేస్తారు. ముందు నీళ్ళు, పంపు ఆపేశాక మంట. కానీ ఇవాళ మంటెవరు వెయ్యమన్నారు?”

“మంట ఎలా వేస్తారు?”

“గ్యాసు తిప్పి, బటన్...” అతను అంతటితో ఆగి గోడ వైపు చూశాడు.

జల్లెడ ఆడపడుచు భుజం నొక్కింది. మాట్లాడుతూనే ఉండు, పెట్టనివ్వకు అని సైగ చేసింది. ఆ మనిషి ఫోనులో ఉన్నంతసేపూ అవతల ‘నొక్కు’ అనలేడు. ఆడపడుచుకి ఎంత అర్థమైందో గానీ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతుంటే గొంతులోకి నవ్వు తెచ్చుకుంది.

“అది కాదన్నయ్యా, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నువ్వొక కథ చెప్పేవాడివి చూడూ, అందులో ఆఖర్న ఏమవుతుంది? పొద్దున్నుంచీ గుర్తొస్తోంది...”

మిగతా ముగ్గురూ పరిగెత్తారు. మేనేజరు బయట గ్యాసు కట్టేసే చోటికి వెళ్ళాడు. జల్లెడ, ఇన్స్పెక్టరు వెనక సందులోంచి బాయిలరు గది వైపు వెళ్ళారు. సందు మలుపులోనే గ్యాసు వాసన కొట్టింది. గది నిండా గ్యాసు పట్టాక ఆ బటన్ నిప్పురవ్వ ఒక్కటి చాలు, గదంతా పేలిపోవడానికి. ఇనప తలుపుకి బయట నుంచి తాళం వేసి ఉంది. ఆ గదికి అవతలి గోడన, వెనక గేటు వైపు, ఒక చిన్న కిటికీ ఉంది. బయట నిలబడి లోపలి మనిషికి మాట చెప్పడానికి ఆ కిటికీ చాలు.

పంపు హోరులో లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది.

“నొక్కనా?”

ఇన్స్పెక్టరు రెండు చేతులతో తలుపు బాదాడు. “నొక్కకమ్మా! నొక్కకు తల్లీ!” పొద్దున ఆమెని హంతకురాలని పిలిచిన గొంతే అది. పంపు చప్పుడు ఆ మాటల్ని అక్కడికక్కడే మింగేసింది. ఆమెకి వినబడలేదు.

వెనక నుంచి అడుగుల చప్పుడైంది. ఆడపడుచు ఫోను చేత్తో పట్టుకుని వచ్చి సందులో ఆగిపోయింది.

“అన్నయ్య పెట్టేశాడు మేడమ్,” అంది.

పంపు ఆగింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. గ్యాసు బుసకొడుతున్న సన్నటి చప్పుడు వినబడుతోంది. లోపల ఆ మనిషి, నేర్చుకున్న పద్ధతి తప్పకుండా, రెండోసారి అడిగింది.

“నొక్కనా?”

కిటికీ వైపు నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. జల్లెడ ఇనప తలుపు సందుకి నోరు ఆనించి, గుండెల్లో ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది.

“వద్దు!”